చప్పుడు రాని చప్పట్లు: పందొమ్మిదేళ్ల అమ్మాయి చేతులు, కళ్లు

"బతుకమ్మ ఆడేటప్పుడు దీని చప్పట్లు చప్పుడే రావు సార్. చేతులు డొప్పల లెక్క ఉంటయి."

వాళ్లమ్మ ఈ మాట రోగం గురించి చెప్పలేదు. నేను చీటీ రాసుకుంటుంటే ఊరికే, నవ్వుతూ అన్నది. సద్దుల బతుకమ్మ అయి వారం కూడా కాలేదు. నేను పెన్ను పక్కన పెట్టి, "ఏదీ బిడ్డా, ఒకసారి నమస్తే పెట్టు" అన్నాను. అమ్మాయి రెండు చేతులూ జోడించింది. వేళ్ల కొసలు తగిలాయి, మణికట్ల దగ్గర అరచేతులు తగిలాయి. మధ్యలో మాత్రం సందు. ఆ సందులోంచి వెనకాల గోడమీద క్యాలెండర్ కనిపిస్తోంది.

హన్మకొండలో పదిహేనేళ్లుగా షుగర్ పేషెంట్లను చూస్తున్నాను. ఈ గుర్తు ఎండీ చదివేటప్పుడు పుస్తకంలో బొమ్మతో సహా చూశాను. అయినా ఈ అమ్మాయి రెండు నెలల ముందు ఇదే కుర్చీలో కూర్చుని "వేళ్లు సక్కగ రావట్లేదు సార్" అని చెప్పినప్పుడు నాకు తట్టలేదు. కేసులో నేను చేసిన పొరపాట్లు రెండు. ఇది చిన్నది. రెండోది పెద్దది, దానికి తర్వాత వస్తాను. అమ్మాయి, వాళ్లమ్మ సరేనన్నాకే రాస్తున్నాను. ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేశాను.

మొదటిసారి

2023 ఆగస్టు. ములుగు వైపు ఊరు. సొంత భూమి కొంచెం, కౌలు కొంచెం, మొత్తం పత్తే. అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరం. ఎనిమిదో ఏట టైప్-1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం, బయటపడింది. ఎండాకాలంలో మూడు వారాల్లో చిక్కి సగమై, రాత్రంతా నీళ్లు తాగుతూ, చివరికి వాంతులు, ఆయాసంతో వరంగల్ తీసుకొచ్చేనాటికి స్పృహ లేదట. అప్పటి నుంచి పదకొండేళ్లుగా ఇన్సులిన్. పొద్దున, సాయంత్రం ప్రీమిక్స్, అంటే రెండు రకాలు కలిపిన ఇన్సులిన్.

వచ్చింది నీరసం అని, వేళ్లు బిగుసుకుంటున్నాయని. ఊళ్లో ఆర్‌ఎంపీ దాన్ని చికున్‌గున్యా తర్వాత మిగిలిన కీళ్ల బాధ అనుకుని నొప్పి మాత్రలు ఇచ్చాడు. ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. మా వైపు వానాకాలంలో కీళ్లు అనే మాట వినగానే అందరి నోటా వచ్చేది అదే. నేను చేసిందీ అంతకన్నా ఎక్కువేం కాదు. "నొప్పి ఉందా?" అంటే "నొప్పి లేదు సార్, వంగుతయి, మళ్ల సక్కగ చాపరావు" అన్నది. నొప్పి లేని కీళ్ల జబ్బు అని ఆ పిల్లే నా చేతిలో పెట్టినట్టు చెప్పింది. నేను కీళ్లవాతం కోసం చేసే రక్త పరీక్షలు ఈఎస్‌ఆర్, ఆర్‌ఏ ఫ్యాక్టర్ రాశాను. రెండూ మామూలుగా వచ్చాయి. "పత్తి పని వల్ల గట్టిపడ్డాయేమో" అని రాసుకున్నాను. ఫాస్టింగ్ షుగర్ 290 ఉంటే ఇన్సులిన్ పూటకు నాలుగు యూనిట్లు పెంచి పంపించాను. నా నోట్సులో ఆ రోజు రాత మొత్తం ఆరు లైన్లు.

చేతులు

ఇక అక్టోబరుకు వస్తే, నమస్తే తర్వాత అరచేయి బల్లమీద బోర్లా ఆనించమన్నాను. మామూలు చేతికి వేళ్లన్నీ, అరచేయి బల్లకు అంటుకుంటాయి. ఈ అమ్మాయి చిటికెన వేలు, ఉంగరపు వేలు కణుపుల దగ్గర వంతెనలా లేచి ఉన్నాయి. నా చేతిలో ఉన్న బాల్‌పెన్ను వాటి కిందకు తోస్తే అటునుంచి ఇటు వచ్చేసింది. మధ్య వేలు కింద కొంచెం తట్టుకుంది. చూపుడు వేలు బాగానే ఆనింది. ఈ జబ్బు నడిచే దారే ఇది. చిటికెన వేలి దగ్గర మొదలై బొటనవేలి వైపు జరుగుతుంది, రెండు చేతులకూ వస్తుంది, వాపు ఉండదు, నొప్పి దాదాపు ఉండదు. నేను పట్టుకుని చాపబోయినా వేళ్లు చాపుకోలేదు. అంటే నరాల బలహీనత కాదు, కీలు చుట్టూ ఉన్న తోలు, కండరాల తాళ్లే బిగుసుకున్నాయి.

వేళ్ల వెనక తోలు మైనం పూసినట్టు నున్నగా, దళసరిగా ఉంది. రెండు వేళ్లతో పట్టి లేపితే మడత రాలేదు. ఇలాంటి తోలు చూస్తే స్క్లెరోడెర్మా, అంటే తోలు గట్టిపడే వేరే జబ్బు, అనుమానం రావాలి. చలికి వేళ్లు తెల్లబడటం, నీలిబడటం లేవు, గోరు మొదట్లో మార్పులు లేవు, ముఖం తోలు మామూలుగానే ఉంది. కాబట్టి దాన్ని పక్కన పెట్టాను.

డయాబెటిక్ కైరోఆర్థ్రోపతీ అంటారు దీన్ని. తేలిక మాటల్లో, షుగర్ వల్ల కీళ్లు పట్టేయడం. ఫ్లోరిడాలో పిల్లల షుగర్ డాక్టరు రోజెన్‌బ్లూమ్ 1974లో దీన్ని పొట్టితనంతో, దళసరి తోలుతో కలిపి వర్ణించాడు. 1981లో ఆయన బృందం వేసిన లెక్క చూస్తే ఇది ఒట్టి చేతుల సమస్య కాదని అర్థమవుతుంది. షుగర్ వచ్చి 16 ఏళ్లు గడిచేసరికి కంటి, కిడ్నీ సన్న రక్తనాళాల దెబ్బ, కీళ్లు పట్టేసిన పిల్లల్లో 83 శాతం మందికి, కీళ్లు బాగున్నవాళ్లలో 25 శాతం మందికి వచ్చే అవకాశం కనిపించింది. అక్కడి క్లినిక్‌లోనే 1970ల చివర్లో సుమారు 30 శాతం పిల్లల్లో కనిపించిన ఈ బిగుతు, 1990ల చివరికి 7 శాతానికి పడిపోయింది. కారణం షుగర్ అదుపు మెరుగుపడటమే. అంటే అక్కడ అరుదైపోతున్న చేతులు ఇవి. మా ఓపీలో ఇంకా అరుదు కాలేదు.

ఎందుకు పట్టేస్తాయో వాళ్లమ్మకు చెప్పడానికి నేను అరిసెల పాకం వాడుకున్నాను. పాకం లేతగా ఉంటే అరిసె మెత్తగా వస్తుంది, ముదిరితే రాయే. ఒంట్లో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువుంటే అది తోలుకు, కీళ్లకు బలమిచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులకు అంటుకుని, పోగుకూ పోగుకూ ముడి వేసేస్తుంది. హెచ్‌బీఏ1సీ పరీక్షలో మనం చూసేది కూడా ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు చక్కెర అంటుకోవడాన్నే, కాకపోతే ఎర్ర రక్తకణం బతికేది 120 రోజులు. అందుకే ఆ రిపోర్టు రెండు మూడు నెలల సంగతి మాత్రమే చెబుతుంది. తోలులో, కీళ్లలో ఉన్న కొలాజెన్ ఏళ్ల తరబడి మారదు. హెచ్‌బీఏ1సీ మిషను లేని చోట కూడా ఆ పదేళ్ల లెక్క చేతిమీద రాసి ఉంటుంది. కంటి వెనక తెర, అంటే రెటీనాలో నాళాలను దెబ్బతీసేవాటిలో ఈ ముడులు కూడా ఒకటి. అందుకే బిగుసుకున్న చేయి కనబడితే చూపు కంటి మీదికి పోవాలి.

నారింజ మూత

ఆ రోజు హెచ్‌బీఏ1సీ 13.4 వచ్చింది. అంటే సగటున 340 దగ్గర షుగర్. ఎత్తు 141 సెంటీమీటర్లు, బరువు 36 కిలోలు. ఇంటర్ చదివే తమ్ముడు ఆమెకన్నా జానెడు పొడుగు. మెన్సెస్ పదహారో ఏట మొదలయ్యాయి. పొట్ట తడిమితే కుడి డొక్క కింద కాలేయం నాలుగు వేళ్లు తగిలింది. కాలేయం దెబ్బను చూపే ఎస్‌జీపీటీ పెరిగి ఉంది. థైరాయిడ్ మామూలే, గోధుమ పడని సీలియాక్ జబ్బు పరీక్ష నెగెటివ్.

పొట్టితనం, ఆలస్యమైన ఈడు, ఉబ్బిన కాలేయం, అదుపులో లేని షుగర్ కలిస్తే మోరియాక్ సిండ్రోమ్. ఫ్రెంచ్ డాక్టర్ పియెర్ మోరియాక్ 1930లో చెప్పాడు. ప్రాణం పోకుండా ఆపడానికి సరిపోయేంత, పిల్ల ఎదగడానికి చాలనంత ఇన్సులిన్ ఏళ్లపాటు అందితే ఇలా అవుతుంది. పూర్తిగా ఆపేసి ఉంటే పది రోజుల్లో ఆసుపత్రికి వచ్చేది. సగం సగం అందింది కాబట్టి ఎవరికీ తెలియకుండా ఏళ్లు గడిచాయి.

మరి రోజూ తప్పకుండా తీసుకుంటున్నానంటోంది కదా? ఆమె అబద్ధం చెబుతోందని నాకు అనిపించలేదు. "రేపు వచ్చేటప్పుడు సీసా, సూది పట్టుకొచ్చి నా ముందరే తీసుకో" అన్నాను. మర్నాడు టిఫిన్ బాక్సులో తడిగుడ్డ చుట్టి పట్టుకొచ్చింది. ఇంట్లో ఫ్రిజ్ లేదు, ఇసుక కుండలో పెడతారట. అందులో ఏ లోపమూ లేదు, నేనే చాలామందికి అలా చెబుతాను. సీసా మీద 40 ఐయూ అని ఉంది. సిరంజి మూత నారింజ రంగు.

తెలియనివాళ్లకు ఒక్క మాట. మన దగ్గర ఎక్కువగా దొరికే ఇన్సులిన్ సీసాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటాయి. వాటికి ఎర్రమూత సిరంజి. నారింజ మూత సిరంజి మిల్లీలీటరుకు 100 యూనిట్ల ఇన్సులిన్ కోసం. 40 సీసాలోంచి నారింజ సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. ఈ అమ్మాయి పొద్దున 20, సాయంత్రం 14 గీత దాకా లాగుతోంది. 34 అనుకున్న చోట పదమూడున్నర. రెండేళ్ల కింద మందుల షాపులో ఎర్రవి అయిపోయాయని ఇవి ఇచ్చారట, అప్పటి నుంచి ఇవే. అంతకుముందు హాస్టల్లో చదివిన మూడేళ్లు సాయంత్రం సూది దోస్తుల ముందు సిగ్గుపడి సగం రోజులు ఎగ్గొట్టింది. ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆగస్టులో నేను పెంచిన నాలుగు యూనిట్లు నిజానికి ఒకటిన్నర.

తొడమీద ఒకే చోట పొడిచి పొడిచి కోడిగుడ్డంత గడ్డ కట్టింది. నొప్పి తెలియదని అక్కడే పొడుచుకుంటోంది. ఆ గడ్డలోంచి మందు ఎప్పుడు ఎంత ఎక్కుతుందో చెప్పలేం.

సిరంజి మార్చితే సమస్య తీరిపోతుందనుకోవద్దు. ఎర్ర సిరంజితో అదే 20 గీత దాకా లాగమంటే ఆ రాత్రే షుగర్ పడిపోయి ఫిట్స్ వచ్చేవేమో. అందుకే రోజుకు 20 యూనిట్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోయాను. నెల తిరిగేసరికి మూడు పూటలా తిండికి ముందు ఒకటి, రాత్రి పడుకునే ముందు ఒకటి చొప్పున నాలుగు సూదులకు మార్చాను. అమ్మాయి తెలివైంది. వారంలోనే నోటుబుక్కులో గీతలు గీసుకుని షుగర్లు రాసుకోవడం మొదలుపెట్టింది.

చూడని కన్ను

ఇప్పుడు పెద్ద పొరపాటు.

చేతులు చూశాక కళ్లు చూడాలని నాకు తెలుసు. అదే రోజు చూపు పరీక్ష చేయించాను. కుడి కన్ను 6/6, అంటే మామూలు చూపు, ఎడమ కన్ను 6/9, కొంచెం తక్కువ. రెటీనా చూడాలంటే చుక్కల మందు వేసి కంటిపాప పెద్దది చేయాలి. ఆ తర్వాత నాలుగైదు గంటలు చూపు మసగ్గా ఉంటుంది, వెలుగు చూడలేరు. "మందు ఏస్తే బస్సు బోర్డు కనపడది సార్, ఆఖరి బస్సు పోతది, వచ్చేసారి ఏయించుకుంటం" అన్నది తల్లి. చూపు 6/6 ఉంది కదా అని నేనూ సరేనన్నాను. పదకొండేళ్ల షుగర్‌లో ఒక్కసారి కూడా ఆ పిల్ల కంటిపాప పెద్దది చేసి ఎవరూ చూడలేదు. టైప్-1 పిల్లల్లో పదకొండేళ్ల వయసు దాటాక, జబ్బు మొదలై మూడు నుంచి అయిదేళ్లు అయ్యాక ఈ పరీక్ష మొదలుపెట్టాలి. ఆ లెక్కన ఆరేడేళ్లు ఆలస్యం. రెటీనా మధ్యభాగం దెబ్బతినేదాకా అక్షరాల చార్టు బాగానే చదువుతారు. నాకు ఇదంతా తెలుసు. అయినా బస్సు టైముకే తలూపాను.

ఇంకొకటి కూడా తెలుసు. ఏళ్లుగా ఎక్కువున్న షుగర్‌ను వేగంగా దించితే, అప్పటికే దెబ్బతిన్న రెటీనా మొదటి ఏడాదిలో కొంతకాలం ఇంకా చెడిపోవచ్చు. అమెరికా, కెనడాల్లో 1983 నుంచి 1993 దాకా 1,441 మంది టైప్-1 వాళ్లమీద జరిగిన డీసీసీటీ అధ్యయనంలో, గట్టిగా షుగర్ అదుపు చేసినవాళ్లలో 13.1 శాతానికి, మామూలు వైద్యం అందినవాళ్లలో 7.6 శాతానికి అలా తొలి ఏడాదిలో చెడింది. అదే అధ్యయనం చివరికి, గట్టి అదుపు వల్ల కళ్లు దెబ్బతినడం మొదలయ్యే ప్రమాదం 76 శాతం తగ్గిందని తేల్చింది. అందుకని షుగర్ దించడం మానుకోలేం. దించేముందు రెటీనా చూసి, అవసరమైతే ముందే లేజర్ చేయించి దించాలి. మోరియాక్ పిల్లల్లో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

సంక్రాంతికి వచ్చినప్పుడు హెచ్‌బీఏ1సీ 8.1. కాలేయం రెండు వేళ్లకు తగ్గింది, మూడు కిలోలు పెరిగింది, ముఖంలో కళ వచ్చింది. నేను సంబరంగా ఉన్నాను. చుక్కల మందు సంగతి నేనూ ఎత్తలేదు, వాళ్లూ ఎత్తలేదు.

2024 ఫిబ్రవరి చివర్లో మేడారం జాతర. ఇంటిల్లిపాదీ పోయారు. తిరిగొచ్చిన రెండో రోజు ఎడమ కంటి ముందు నల్ల దారాలు తేలడం మొదలైంది. జాతరకు పోయినవాళ్లకు తెలుసు, ఆ నాలుగు రోజులు మేడారంలో దుమ్ము ఏ స్థాయిలో లేస్తుందో. కంట్లో దుమ్ము పడిందని షాపులో చుక్కల మందు కొన్నారు. వారం పోయాక దారాలు సాలెగూడయ్యాయి, ఆపైన ఎర్రటి పొర. నా దగ్గరికి వచ్చేటప్పటికి ఎడమ కంటితో మీటరు దూరంలో నా వేళ్లు మాత్రమే లెక్కపెడుతోంది.

ఆ రోజే వరంగల్‌లో రెటీనా డాక్టర్ దగ్గరికి పంపాను, వెంట నేనూ ఫోన్ చేశాను. ఎడమ కంట్లో కొత్త బలహీన నాళాలు మొలిచి చిట్లి, కంటి లోపలి జెల్లీలో రక్తం చేరింది. కుడి కంట్లో రక్తపు మరకలు నాలుగు వైపులా, మధ్యభాగంలో నీరు. ఫోన్ పెట్టేముందు ఆయన ఒక్కటే అడిగారు: "షుగర్ దించేముందు ఫండస్ (కంటి వెనక భాగం) చూడలేదా?" లేదని చెప్పాను.

ఆ నాళాలు ఈ నాలుగు నెలల్లో మొలిచినవి కాకపోవచ్చు. నేను షుగర్ దించకపోయినా ఎప్పుడో చిట్లేవే కావచ్చు. నాకు నేను సర్దిచెప్పుకోవడానికి ఈ మాట పనికొస్తుంది. అయితే అక్టోబరులో ఒక్క చుక్క మందు వేసి ఉంటే, ఆ నాళాలు చిట్లకముందే లేజర్ పడేది.

తర్వాత జరిగింది కొంత వేగంగా చెబుతాను. రెండు కళ్లకూ విడతలుగా లేజర్, కంట్లోకి కొత్త నాళాలను అణిచే బెవాసిజుమాబ్ ఇంజెక్షన్లు. ఎడమ కంట్లో రక్తం కిందికి దిగడానికి కొన్ని వారాలు తల ఎత్తుగా పెట్టుకుని పడుకుంది. మూడు నెలల్లో కరగకపోతే ఆపరేషన్ అన్నారు కానీ, అవసరం పడలేదు. జులైలో ఎడమ కన్ను 6/18 దగ్గర నిలిచింది, కుడి కన్ను 6/9. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ క్రియాటినిన్ గ్రాముకు 140 మిల్లీగ్రాములు పోతోంది, అంటే కిడ్నీకీ దెబ్బ మొదలైంది. నొప్పి మాత్రలు పూర్తిగా ఆపించి, కిడ్నీని కాపాడే బీపీ మందు ఎనలాప్రిల్ తక్కువ డోసులో మొదలుపెట్టాను. ఇన్సులిన్ తగ్గించలేదు.

ఇంకో పరీక్ష

లేజర్ మధ్యలో ఒకరోజు తల్లి ఒక్కతే వచ్చింది. అమ్మాయికి సంబంధం చూస్తున్నారట, అవతలివాళ్లకు షుగర్ సంగతి చెప్పలేదట. "లగ్గం చేయొచ్చా సార్?" అని అడిగింది. పెళ్లికి నా అనుమతి ఎందుకు, గర్భానికి మాత్రం రెటీనా డాక్టర్ అనుమతి కావాలి అన్నాను. ఇలాంటి కళ్లున్న అమ్మాయికి గర్భం సమయంలో రెటీనా ఇంకా దెబ్బతినొచ్చు. లేజర్ పూర్తయి, కొత్త నాళాలు వాడిపోయి, కొన్ని నెలలు కదలకుండా ఉన్నాకే ఆలోచించాలి. ఎనలాప్రిల్ కూడా ముందుగానే మార్చాలి, అది కడుపులో బిడ్డకు చేటు. దాచిపెట్టి చేస్తే నాలుగు పూటల సూది అత్తగారింట్లో ఎక్కడ వేసుకుంటుంది? హాస్టల్లో సిగ్గుపడి ఎగ్గొట్టిన సూదులు నాకు గుర్తున్నాయి. ఆమె చాలాసేపు కొంగు అంచు మడతపెడుతూ కూర్చుని, "సరే సార్, ముందు డిగ్రీ కానిద్దాం" అని లేచింది. సంబంధం ఏమైందో నేను అడగలేదు.

మళ్లీ చేతులు

వేళ్లకు పెద్ద మందేం లేదు. షుగర్ అదుపు, గోరువెచ్చని నీళ్లలో చేతులు నానబెట్టి వేళ్లు చాపే వ్యాయామం పూటకు పది నిమిషాలు, అంతే. ఫిజియోథెరపిస్టు నేర్పించారు. పట్టేసిన కీలు పూర్తిగా విడుతుందని నేను ఆమెకు చెప్పలేదు. ముందు తోలు కొంచెం మెత్తబడుతుంది, కీలు దాని వెనక నెమ్మదిగా వస్తే వస్తుంది, రాకపోతే ఇంకా బిగవకుండా ఆగుతుంది. పత్తి ఏరడం మానాలా అని అడిగితే అక్కర్లేదన్నాను. కాయలోంచి పత్తి లాగేది మూడు వేళ్ల కొసలతో, అవి వంగుతూనే ఉన్నాయి. కిలో లెక్కన కూలి కాబట్టి ఆమెకు నష్టం వేగంలోనే. తోటివాళ్లు నలభై కిలోలు ఏరితే ఆమెకు పాతిక.

ఇప్పుడు మా క్లినిక్‌లో షుగర్ ఉన్న పిల్లలు, ఇరవైల్లో ఉన్నవాళ్లు ఎవరొచ్చినా బీపీ చూసే సిస్టరే ముందు నమస్తే పెట్టించి, చేయి బల్లమీద ఆనించి చూస్తుంది. సూది, సీసా వెంట తెమ్మంటాం. చుక్కల మందు పొద్దున పదిలోపే వేసేస్తాం, సాయంత్రం బస్సుకు చూపు తేరుకుంటుంది. ఒకరిద్దరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

2024 అక్టోబరులో సద్దుల బతుకమ్మ తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. హెచ్‌బీఏ1సీ 7.6. ఎడమ కన్ను అదే 6/18. చేయి బల్లమీద పెట్టించి అదే బాల్‌పెన్ను తోశాను, ఉంగరపు వేలి కింద తట్టుకుని ఆగింది. పెన్ను విప్పి రీఫిల్ తోస్తే అటు దూరిపోయింది. తల్లి పక్కనుంచి చూస్తూ, "చప్పట్లు ఈసారి కొంచెం ఇనపడ్డయి సార్" అన్నది. అమ్మాయి మాత్రం, "లే అవ్వా, మైకు సౌండుల నీకెట్ల ఇనపడ్డయి" అని తన షుగర్ నోటుబుక్కు తీసి నా ముందు పెట్టింది.